దూరపు పరుగు, దానితో వచ్చే అలసట: తరచుగా అడిగే ప్రశ్నలు

కొత్తగా పరుగు మొదలుపెట్టినవాళ్ళతో కలిసి పరిగెత్తేటప్పుడు ఏళ్ళ తరబడి ఇవే సందేహాలు వింటున్నాను. సగానికి పైగా అలసట గురించే. ఎప్పుడు ఓర్చుకోవాలి, ఎప్పుడు ఆగాలి అన్నది తెలియక మంచి ఉత్సాహంతో వచ్చినవాళ్ళు కూడా దెబ్బ తగిలించుకునో, విసిగిపోయో మానేస్తుంటే బాధేస్తుంది. అందుకే జవాబులన్నీ ఒకచోట రాశాను. మీరు ఏ దశలో ఉంటే ఆ భాగం చదువుకోండి, ఏ జవాబుకా జవాబు పూర్తిగా ఉంటుంది.

## మొదలుపెట్టే ముందు

ఐదు నిమిషాలు పరిగెడితేనే ఆయాసం వస్తోంది. నాలాంటివాళ్ళు మారథాన్ దాకా వెళ్ళగలరా?

వెళ్ళగలరు. ఐదు నిమిషాలకే ఊపిరి అందడం లేదంటే చాలాసార్లు కారణం వేగమే. ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక, ఇలా ఎనిమిది నుంచి పది సార్లు, వారానికి 3 రోజులు చేయండి. కొద్దికొద్దిగా పరుగు పెంచుతూ నడక తగ్గించండి. చాలామంది రెండు మూడు నెలల్లో 5 కి.మీ. ఆగకుండా వెళ్ళిపోతారు.

అక్కడి నుంచి మారథాన్‌కి కనీసం ఒక ఏడాది పెట్టుకోమంటాను. గుండె, ఊపిరి కొన్ని వారాల్లోనే అలవాటు పడతాయి. ఎముకలు, కండరాలను ఎముకలకు పట్టి ఉంచే టెండన్లు గట్టిపడటానికి నెలలు పడుతుంది. ఊపిరి బాగుంది కదా అని మూడో నెలలోనే దూరం రెట్టింపు చేసేవాళ్ళు దెబ్బతినేది ఈ తేడా వల్లే.

మారథాన్ అంటే 42 కి.మీ. కదా, ఆ పైన 195 మీటర్లు ఎక్కడి నుంచి వచ్చాయి?

1896 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో మారథాన్ దూరం సుమారు 40 కి.మీ. 1908 లండన్ ఒలింపిక్స్‌లో విండ్సర్ కోట దగ్గర మొదలై, స్టేడియంలో రాజకుటుంబం కూర్చున్న చోటికి ఎదురుగా ముగిసేలా దారి పెట్టారు. అది 42.195 కి.మీ. అయింది. 1921లో ఆ దూరాన్నే ఖరారు చేశారు. హాఫ్ మారథాన్ అందులో సరిగ్గా సగం, 21.0975 కి.మీ.

ముందుగా డాక్టర్‌కి చూపించుకోవాలా?

ఛాతీలో నొప్పి, శ్రమపడినప్పుడు కళ్ళు తిరగడం, స్పృహ తప్పడం ఎప్పుడైనా జరిగి ఉంటే తప్పనిసరి. బీపీ, షుగర్, గుండె జబ్బు ఉన్నా, ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా గుండె ఆగి చనిపోయినా, ఏళ్ళ తరబడి వ్యాయామం లేకుండా నలభై దాటినా చూపించుకునే మొదలుపెట్టండి.

రోజూ పరిగెత్తితేనే కమిట్‌మెంట్ ఉన్నట్టా? ఒక్కరోజు మానేసినా గిల్టీగా ఉంటోంది.

వారానికి 4 రోజులు, ఏడాది పొడవునా పరిగెత్తే మనిషి నా దృష్టిలో పూర్తిగా కట్టుబడినవాడు. రెండు నెలలు ఒక్కరోజు కూడా వదలకుండా పరిగెత్తి, మూడో నెల మంచమెక్కినవాళ్ళను చాలామందిని చూశాను. వాళ్ళ పట్టుదలకు లోటు లేదు, దాన్ని కేవలం ఈరోజు మీద పెట్టారు, అంతే.

మీ పరుగును రోజు లెక్కన చూస్తే మానేసిన ప్రతి రోజూ తప్పులా కనిపిస్తుంది. మూడు నెలల లెక్కన చూడండి. 12 వారాల్లో 48 పరుగులు అనుకుని 43 చేస్తే, ఆ ఐదు పోయినందువల్ల మీ ఒంటికి వచ్చే తేడా దాదాపు ఏమీ ఉండదు. ఒకటే జాగ్రత్త: పోయిన పరుగును మర్నాడు వడ్డీతో కట్టాలని చూడకండి. అది పోయింది, పోనివ్వండి.

## మొదటి కొన్ని నెలలు

అందరూ నెమ్మదిగా పరిగెత్తమంటారు. నెమ్మదిగా పరిగెడితే వేగం ఎలా వస్తుంది?

నేను దీన్ని నమ్మడానికే రెండేళ్ళు పట్టింది. నెమ్మది పరుగులో గుండె కొట్టుకున్న ప్రతిసారీ ఎక్కువ రక్తం పంపడం నేర్చుకుంటుంది, కండరాల్లో సన్నని రక్తనాళాలు పెరుగుతాయి, ఆక్సిజన్ వాడుకుని శక్తి తయారుచేసే మైటోకాండ్రియా పెరుగుతాయి. వీటికి కావలసింది సమయం. వేగంగా పరిగెడితే 25 నిమిషాలకే అలిసిపోతారు. నెమ్మదిగా అయితే గంట ఉండగలరు, మర్నాడు మళ్ళీ రాగలరు.

పెద్ద పెద్ద రన్నర్లు కూడా ఇంతే. వాళ్ళ ట్రైనింగ్‌ను ఏళ్ళ తరబడి గమనించిన స్టీఫెన్ సైలర్ అనే పరిశోధకుడు, సుమారు 80 శాతం సెషన్లు తేలిక శ్రమలోనే ఉంటాయని చూపించాడు. మిగతా 20 శాతమే గట్టిగా. మనలో చాలామంది రోజూ మధ్యస్థంగా పరిగెడతాం: తేలిక రోజుకు మరీ వేగం, గట్టి రోజుకు మరీ నెమ్మది.

వాచ్ లేకపోయినా ఫర్వాలేదు. పరిగెడుతూ పక్కవాళ్ళతో పూర్తి వాక్యాల్లో మాట్లాడగలిగితే అది సరైన వేగం. రెండేసి మాటలకోసారి ఊపిరి తీసుకోవాల్సి వస్తే ఎక్కువైనట్టు. అవసరమైతే ఎత్తు ఎక్కేటప్పుడు నడవండి.

దూరాన్ని వారానికి 10 శాతం కన్నా ఎక్కువ పెంచకూడదంటారు. నిజమేనా?

ఆ అంకెకు గట్టి ఆధారం లేదు, కానీ దాని వెనక ఉన్న జాగ్రత్త మంచిదే. వారానికి 10 కి.మీ. పరిగెత్తేవాళ్ళు ఒక్క కిలోమీటరే పెంచాలంటే అర్థం లేదు. 70 కి.మీ. పరిగెత్తేవాళ్ళు వారం వారం 7 పెంచుకుంటూ పోతే నిలవదు. నేను చేసేది ఇది: ఒక దూరానికి చేరాక రెండు మూడు వారాలు అక్కడే ఉంటాను, అది మామూలుగా అనిపించాకే పెంచుతాను. ప్రతి నాలుగో వారం పావు నుంచి మూడోవంతు దాకా తగ్గిస్తాను. దూరం, వేగం రెండూ ఒకే వారం పెంచను.

పొద్దున్నే లేవబుద్ధి కావడం లేదు. ఏం చేయాలి?

బట్టలు, షూస్ రాత్రే తీసి పెట్టుకోండి. బయటికి వెళ్ళి 10 నిమిషాలు మెల్లగా కదలండి. అప్పటికీ ఒళ్ళు ఒప్పుకోకపోతే వెనక్కి రండి, దాన్ని ఓటమిగా లెక్కపెట్టకండి. ఇక పొద్దున అసలు పడని మనిషైతే సాయంత్రం పరిగెత్తండి. పరిగెత్తే వేళకు ఏ మహిమా లేదు.

షూస్ ఎప్పుడు మార్చాలి?

సాధారణంగా 500 నుంచి 800 కి.మీ. మధ్య. బరువు, నడక తీరు, షూ రకాన్ని బట్టి మారుతుంది. పాతవి పూర్తిగా పోయేదాకా ఆగకుండా, కొత్తవి కొని కొన్ని వారాలు రెండింటినీ మార్చి మార్చి వాడండి.

## దూరం పెరిగి అలసట మొదలయ్యాక

ఈరోజు అలసటగా ఉంది. పరిగెత్తాలా, మానేయాలా?

అలసట అని ఒక్క మాటతో సరిపెడితే దీనికి జవాబు దొరకదు. మనకు తెలుగులో దీనికి చాలా మాటలున్నాయి. మీ ఒంట్లో ఉన్నదానికి వాటిలో సరైన పేరు పెట్టండి, ఏం చేయాలో చాలావరకు అదే తేలిపోతుంది.

బద్ధకం అయితే ఒంట్లో ఏ ఇబ్బందీ ఉండదు, బయలుదేరబుద్ధి కాదు. నిన్న విశ్రాంతి రోజైనా సరే ఇలా ఉంటుంది. వెళ్ళండి. పది నిమిషాల్లో పోతుంది.

ఆయాసం పరుగులో వచ్చి, ఆగిన కొన్ని నిమిషాల్లో పోయేది. వేగం తగ్గిస్తే సరి. కానీ ఎప్పుడూ తేలిగ్గా వెళ్ళే వేగంలోనే ఎన్నడూ లేనంత ఆయాసం వస్తే, అది వేరే కథ. ఆగి డాక్టర్‌ని కలవండి.

ఒళ్ళు నొప్పులు గట్టి పరుగు తర్వాత, ముఖ్యంగా పల్లానికి దిగిన పరుగు తర్వాత, మర్నాటి నుంచి మొదలై రెండు మూడు రోజుల్లో ముదిరి తగ్గుతాయి. రెండు తొడలూ, రెండు పిక్కలూ సమానంగా నొప్పెడతాయి. మెల్లని పరుగు, నడక చేసుకోవచ్చు. వేగం పెట్టే రోజు మాత్రం వాయిదా వేయండి.

బడలిక వారాల తరబడి పేరుకున్నది. కాళ్ళు బరువుగా ఉంటాయి, కానీ నిద్ర పడుతుంది, ఆకలి వేస్తుంది, మనసు బాగానే ఉంటుంది. మారథాన్ ట్రైనింగ్ మధ్యలో ఇది ఉండాల్సిందే. దీనితో పరిగెత్తవచ్చు, అయితే వాచ్‌లో పేస్ (కిలోమీటరుకు పట్టే సమయం) చూసుకోకుండా.

నీరసం మాత్రం మాట వినదు. మెట్లెక్కితే గుండె దడ, తిండి సయించకపోవడం, లేచీ లేవగానే శక్తి లేకపోవడం. ఇది తిండి చాలకో, నిద్ర చాలకో, జబ్బు వస్తూనో ఉన్నప్పుడు కనిపిస్తుంది. ఆ రోజు పరిగెత్తకండి. మూడు రోజుల విశ్రాంతికి కూడా తగ్గకపోతే కారణం వెతకాలి.

మొదట్లో బద్ధకాన్ని నీరసమనీ, నీరసాన్ని బద్ధకమనీ పొరబడతాం. రోజూ పరుగు తర్వాత నోట్‌బుక్‌లో ఒక్క మాట రాసుకోండి. రెండు నెలలకు మీ ఒంటి భాష మీకే తెలిసిపోతుంది.

అలిసిన కాళ్ళతో పరిగెత్తడం వల్ల నిజంగా లాభం ఉందా, లేక అదంతా మొండితనమా?

హద్దులో ఉంటే లాభం ఉంది. కండరంలో కొన్ని పోగులు తేలిక పనికి ముందుగా వస్తాయి, మిగతావి వెనక నిలబడి ఉంటాయి. ముందువి అలిసినప్పుడు వెనక ఉన్నవి పనిలోకి దిగుతాయి. శనివారం ఒక మోస్తరు పరుగు, ఆదివారం లాంగ్ రన్ (వారంలో అన్నిటికన్నా దూరపు పరుగు) పెట్టుకోవడం వెనక ఆలోచన ఇదే: మారథాన్ చివరి 10 కి.మీ.లో ఉండే కాళ్ళను, 30 కి.మీ. పరిగెత్తకుండానే తెచ్చుకోవడం. అలసటలో కూడా భుజాలు వదులుగా, అడుగు చిన్నగా ఉంచుకోవడం కూడా అప్పుడే అబ్బుతుంది.

ఆ లాభం ఒంటపట్టేది మాత్రం విశ్రాంతిలోనే. పరుగు కండరాన్ని నలిపి వదిలేస్తుంది, నిద్రలో, తిండితో అది బాగుపడి మరికాస్త గట్టిపడుతుంది. నలపడం ఒక్కటే జరిగి బాగుపడటం జరగకపోతే, ఎన్ని వారాలు చేసినా వెనక్కే వెళతారు. అందుకే అలిసిన పరుగు తర్వాతి రోజు నా ప్లాన్‌లో ఎప్పుడూ ఖాళీ.

నొప్పి వస్తే ఓర్చుకోవాలా? ఎక్కడ ఆగాలి?

రెండు కాళ్ళలో సమానంగా ఉండే మొద్దు నొప్పిని ఓర్చుకోవచ్చు. ఒక్క కాలులో, వేలు పెట్టి చూపించగల ఒక్క చోట ఉన్న నొప్పిని ఓర్చుకోకూడదు. పరిగెడుతున్నకొద్దీ పెరిగే నొప్పి, కుంటించే నొప్పి, రాత్రి పడుకున్నా వదలని నొప్పి, ఒంటికాలి మీద గెంతితే చురుక్కుమనే నొప్పి: వీటిలో ఏది ఉన్నా ఆ పరుగు అక్కడితో సరి. ఎముకలో సన్నని పగులు ఇలాగే మొదలవుతుంది.

ఇది నేను మూడు వారాలు ఆలస్యంగా నేర్చుకున్నాను. మోకాలి కింద ముందు ఎముక మీద రూపాయి బిళ్ళంత చోట నొప్పి. పరుగు మొదలుపెట్టిన పది నిమిషాలకు తగ్గేది, అదే నన్ను మోసం చేసింది. నెలలో ఉన్న రేసు పోతుందన్న టెన్షన్‌తో పరిగెడుతూనే ఉన్నాను. చివరికి స్కాన్‌లో పగులు కనిపించింది. రేసుతో పాటు పది వారాలు పోయాయి. మొదటి వారమే ఆగి ఉంటే బహుశా రెండు మూడు వారాలతో పోయేది.

నొప్పి మాత్ర వేసుకుని పరిగెత్తడం ఇంకా ప్రమాదం. హెచ్చరికను నొక్కేస్తుంది. పైగా ఐబుప్రొఫెన్ లాంటివి దూరపు పరుగులో, ఒంట్లో నీళ్ళు తగ్గి ఉన్నప్పుడు, కిడ్నీల మీద భారం వేస్తాయి.

ఆఫీసులో రోజంతా కూర్చునే ఉన్నా సాయంత్రం కాళ్ళు లాగేస్తాయి. ఇది నా ఊహేనా?

ఊహ కాదు. సామ్యుయెలే మార్కోరా అనే పరిశోధకుడి బృందం 2009లో ఒక ప్రయోగం చేసింది. కొందరికి 90 నిమిషాలు మెదడుకు గట్టి పని పెట్టే పరీక్ష ఇచ్చి, ఆ తర్వాత ఇక చాలు అనేదాకా సైకిల్ తొక్కించారు. మామూలు రోజుతో పోలిస్తే వాళ్ళు త్వరగా ఆగిపోయారు. గుండె, కండరాల కొలతల్లో దానికి తగ్గ తేడా కనిపించలేదు. అదే పని ఎక్కువ కష్టంగా అనిపించింది, అంతే.

అంటే తలకు అలసట ఎక్కిన రోజు కాళ్ళు పనిచేయగలవు, కానీ ప్రతి అడుగూ ఖరీదుగా అనిపిస్తుంది. అలాంటి రోజు వేగం పరుగులు పెట్టుకోకండి. తేలిక పరుగు పెట్టుకుంటే తల కూడా తేలికవుతుంది. వారంలో ముఖ్యమైన పరుగును పని తక్కువ ఉండే రోజుకు మార్చుకోండి.

ఓవర్‌ట్రైనింగ్ అయిందని ఎలా తెలుస్తుంది?

ఒక్క గుర్తుతో తెలియదు, కొన్ని కలిసి వస్తే అనుమానించాలి. లేవగానే నాడి మీ మామూలు కన్నా వరుసగా కొన్ని రోజులు ఎక్కువ ఉండటం. ఒళ్ళు అలిసినా నిద్ర పట్టకపోవడం. చిన్నమాటకే చిరాకు. మాటిమాటికీ జలుబు. ఎంత కష్టపడినా పేస్ పడిపోతుండటం. ఇష్టంగా చేసే పరుగు మీదే విరక్తి. కొన్ని రోజుల విశ్రాంతితో తేరుకుంటే ఫర్వాలేదు, మంచి అలసటే. నెలల తరబడి తేరుకోకపోతే అది నిజమైన ఓవర్‌ట్రైనింగ్, దానికి వైద్యుడి సాయం కావాలి.

చాలాసార్లు అసలు కారణం పరుగు ఎక్కువవడం కన్నా తిండి తక్కువవడమే. బరువు తగ్గాలని తిండి కోసేసి, పక్కన కిలోమీటర్లు పెంచేవాళ్ళకు ఇది తరచూ జరుగుతుంది. ఒంటికి శక్తి చాలకపోతే హార్మోన్లు తగ్గుతాయి, ఎముకలు బలహీనపడతాయి. 2014లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ దీనికి రెడ్-ఎస్ అని పేరు పెట్టింది. మగవాళ్ళకూ వస్తుంది. ఆడవాళ్ళకు నెలసరి ఆగిపోవడం పెద్ద హెచ్చరిక, ట్రైనింగ్‌లో మామూలే అని ఎవరు చెప్పినా నమ్మకండి. నీరసం వదలకపోతే రక్తపరీక్షలో హిమోగ్లోబిన్‌తో పాటు, ఇనుము నిల్వలను చెప్పే ఫెరిటిన్ కూడా చూపించుకోండి. హిమోగ్లోబిన్ బాగుండి కూడా ఇనుము నిల్వలు అడుగంటవచ్చు.

జ్వరంగా ఉంది. చెమట పడితే తగ్గుతుందని పరిగెత్తవచ్చా?

వద్దే వద్దు. జ్వరంలో గట్టి శ్రమ చేస్తే, ఆ జ్వరం తెచ్చిన వైరస్ గుండె కండరానికి పాకి ఉంటే ప్రాణం మీదికి రావచ్చు. కేవలం ముక్కు కారుతుంటే మెల్లగా కాసేపు వెళ్ళవచ్చు. జ్వరం, ఒళ్ళు నొప్పులు, ఛాతీలో దగ్గు ఉంటే పూర్తి విశ్రాంతి. తగ్గాక కూడా కొన్ని రోజులు నడకతోనే మొదలుపెట్టండి.

రెండు వారాలు ఆగిపోయాను. కష్టమంతా పోయినట్టేనా?

పోలేదు. వారం పది రోజుల విరామంలో పోయేది చాలా తక్కువ. రెండు వారాలకు కొంత తగ్గుతుంది, అదీ త్వరగానే వెనక్కి వస్తుంది. ఆపిన చోటి నుంచే మొదలుపెట్టకుండా, సగం దూరంతో తేలిగ్గా వారం రోజులు చేసి తర్వాత పెంచండి.

## రేసు దగ్గరపడ్డాక

ప్రాక్టీసులోనే ఒకసారి 42 కి.మీ. పరిగెత్తి చూసుకోవాలా?

అక్కర్లేదు. 30 నుంచి 32 కి.మీ. చాలు. నెమ్మదిగా పరిగెత్తేవాళ్ళైతే దూరం కన్నా సమయం చూసుకుని, మూడు గంటలు మూడున్నర గంటల దగ్గర ఆపేయండి. ఆ పైన వచ్చే లాభం కన్నా తేరుకోవడానికి పట్టే రోజులే ఎక్కువ.

చివరి రెండు వారాలు తగ్గించమన్నారు, తగ్గిస్తే ఇంకా బరువుగా ఉంది. ఏదో తప్పు జరుగుతోందా?

తప్పేమీ లేదు. దీన్ని టేపర్ అంటారు. రెండు మూడు వారాల్లో దూరాన్ని సుమారు సగానికి తగ్గించి, కొద్దిపాటి వేగం పరుగులు మాత్రం ఉంచుతారు. ఇన్నాళ్ళూ పట్టించుకోని చిన్న చిన్న నొప్పులన్నీ ఇప్పుడు గుర్తొస్తాయి. కాళ్ళు మొద్దుబారినట్టుంటాయి. నమ్మకం చాలదని చివరి వారం 25 కి.మీ. వెళ్ళేవాళ్ళున్నారు. దయచేసి ఆ పని చేయకండి, ఆ వారంలో కొత్తగా ఏ శక్తీ రాదు.

రేసు ముందు రాత్రి నిద్ర పట్టకపోయినా కంగారు పడకండి. అంతకు ముందు వారమంతా బాగా పడుకుని ఉంటే చాలు.

## పరుగు రోజు, ఆ తర్వాత

30 కి.మీ. దాటాక గోడకు గుద్దుకున్నట్టు ఆగిపోయాను. మళ్ళీ అలా కాకూడదంటే?

మన కండరాల్లో, కాలేయంలో గ్లైకోజెన్ రూపంలో సుమారు 2,000 కేలరీల నిల్వ ఉంటుంది. పరుగులో కిలోమీటరుకు, ఒంటి బరువులో కేజీకి దాదాపు ఒక కేలరీ ఖర్చు. 65 కేజీల మనిషికి మారథాన్‌కు 2,700 పైనే. మిగతాది కొవ్వు నుంచి రావాలి, కానీ వేగం పెరిగేకొద్దీ ఒళ్ళు గ్లైకోజెన్‌నే ఎక్కువ వాడుతుంది. మొదటి 10 కి.మీ. ఉత్సాహంగా వెళ్ళినవాళ్ళ నిల్వ 30 దాటేసరికి అడుగంటేది ఇందుకే.

మొదటి 5 కి.మీ. మీకు సిగ్గనిపించేంత నెమ్మదిగా వెళ్ళండి. రేసుకు ముందు రెండు రోజులు పిండిపదార్థాలు ఎక్కువ తినండి. పరుగులో అరగంట లోపే మొదలుపెట్టి, గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం జెల్ రూపంలోనో, తీపి పానీయంగానో తీసుకోండి. అలిసిపోయాక తీసుకుంటే ఆలస్యమైనట్టే. కడుపు ఒప్పుకుంటుందో లేదో లాంగ్ రన్‌లలోనే చూసుకోవాలి.

నీళ్ళు ఎంత తాగాలి?

దాహానికి తగినంత. నీళ్ళు ఇచ్చే ప్రతి చోటా ఆగి బలవంతంగా తాగితే రక్తంలో సోడియం పలచబడుతుంది, అది ప్రాణాంతకం కావచ్చు. నెమ్మదిగా, ఎక్కువసేపు పరిగెత్తేవాళ్ళకు ఈ ప్రమాదం ఎక్కువ. తలనొప్పి, వాంతులు, చేతివేళ్ళు ఉబ్బడం, అయోమయం కనిపిస్తే నీళ్ళు ఆపి వైద్య సిబ్బందిని పిలవాలి.

ఇంత కష్టపడి వచ్చి మధ్యలో ఎలా మానేయను?

కాళ్ళు కాలుతున్నాయి, బోరు కొడుతోంది, టైమ్ పోయింది: ఇవైతే నడుస్తూ అయినా పూర్తిచేయండి, ఆ చివరి కిలోమీటర్లు మీకు చాలా కాలం గుర్తుంటాయి. ఛాతీలో నొప్పి లేదా బిగుతు, స్పృహ తప్పేలా ఉండటం, ఎండలో వణుకు, మాట తడబడటం, ఎముకలో పదునైన నొప్పి: వీటిలో ఒక్కటి వచ్చినా ఆ క్షణమే ఆగి సాయం అడగండి.

మారథాన్ అయ్యాక ఎన్నాళ్ళకు మళ్ళీ పరిగెత్తాలి? పూర్తిచేశాక సంతోషం బదులు దిగులుగా ఉంది.

మొదటి వారం నడక, కావాలంటే ఈత. రెండో వారం రెండు మూడు చిన్న తేలిక పరుగులు. నొప్పులు నాలుగైదు రోజుల్లో పోతాయి, లోపలి కండరం బాగుపడటానికి అంతకన్నా ఎక్కువ కాలం పడుతుంది, కాబట్టి మూడో వారం దాటేదాకా వేగం వద్దు.

ఆ దిగులు చాలామందికి వస్తుంది. నెలల తరబడి ప్రతి ఆదివారానికీ ఒక పని ఉండేది, హఠాత్తుగా లేకుండా పోయింది. వెంటనే ఇంకో రేసుకు పేరు ఇచ్చేయకుండా కనీసం రెండు వారాలు ఆగండి. ఈలోపు ఒకసారి వాచ్ ఇంట్లో పెట్టేసి, దూరం లెక్కపెట్టకుండా, ఇష్టమైన దారిలో వెళ్ళి రండి. దిగులు నెల దాటినా తగ్గకపోతే, నిద్ర, ఆకలి చెడితే దాన్ని పరుగు మీదికి నెట్టేయకుండా డాక్టర్‌తో మాట్లాడండి.